బెంచీ మీద బత్తాయిలు

బర్మింగ్‌హామ్, అలబామా
డిసెంబర్ 3, 2018

మావయ్యా,

ఫోన్లో చెబితే సగం వినపడలేదంటావు. వాట్సాప్‌లో రాస్తే అక్షరాలు చీమలబారులా ఉన్నాయంటావు. అందుకే కాగితం, కలం పట్టాను. పోయిన ఉత్తరానికి జవాబు రాస్తావనుకుంటే, అందులో నాలుగు ఒత్తులు తప్పని ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, ఆ కాగితాన్నే అత్తయ్య చేత ఫొటో తీయించి పంపావు. ఈసారి ఒత్తుల జోలికి పోకు. ఇందులో నీ తప్పొకటీ నా తప్పొకటీ ఉన్నాయి. వాటికే చాలా సిరా కావాలి.

మన వాళ్ళ ఏ పెళ్ళిలో నలుగురు చేరినా నువ్వు నా గురించి ఒకే మాట చెబుతావట: "మావాడికి తెలివుంది గానీ గుండె లేదు. సమయానికి జారిపోతాడు." మొన్న చెల్లెలు ఫోన్లో చెప్పింది. పదిహేడేళ్ళుగా చెబుతున్నావన్నమాట. దానికి నేనిప్పుడు జవాబివ్వదలిచాను, ఎందుకంటే శనివారం ఇక్కడొక ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను.

ముందు ఈ ఊళ్ళ సంగతి చెప్పాలి. నేను దిగిన మొదటి వారం బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళ్తే, కౌంటర్లో అమ్మాయి నా పాస్‌పోర్టు తెరవకుండానే "అలబామానా, ఆబర్నా?" అని అడిగింది. అడ్రసు అడుగుతోందనుకుని "అలబామా" అన్నాను. ఆవిడ లేచి నాకు షేక్‌హ్యాండిచ్చింది. ఆ రెండూ కాలేజీ జట్లనీ, ఒకసారి చెప్పాక ఇక జన్మలో మార్చుకోకూడదనీ నాకు తర్వాత తెలిసింది. సెప్టెంబర్ మొదలు నవంబర్ చివరిదాకా శనివారాలకి ఇక్కడ మూఢం. ఆ రోజుల్లో పెళ్ళి పెట్టుకుంటే పెళ్ళికొడుకు తరఫువాళ్ళే రారు. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసా మాకు గంట దారి. ఊరి జనం లక్షకి అటూ ఇటూ. వాళ్ళ స్టేడియంలో కుర్చీలు 1,01,821. అంటే ఊరంతా పసిపిల్లలతో సహా వచ్చి కూర్చోవచ్చు. ఆడే కుర్రాళ్ళకి జీతం లేదు, చదువు ఖర్చు మాత్రం పెట్టుకుంటారు. కోచ్‌కి మాత్రం ఏడాదికి ఎనభై లక్షల డాలర్ల పైమాటే. స్కూల్లో ఆటలు నేర్పినందుకు నీకు వాళ్ళు ఈల కూడా కొనివ్వలేదన్న విషయం ఇక్కడెవరికీ చెప్పలేదు, మన పరువు పోతుందని.

ఆట నీకు తేలిగ్గానే అర్థమవుతుంది. నాలుగు విడతల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు విడతలిస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. గజమంటే ఇక్కడ మూడడుగులే, నీ రెండొందల గజాల ప్లాటులో గజం కాదు. ప్రతి విడతలోనూ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ అనేవాడి చేతికొస్తుంది. మూడు సెకన్లలో వాడు దాన్ని ఎవరికైనా విసరాలి, అందించాలి, లేదా తనే పట్టుకుని పరుగెత్తాలి. ఈలోగా ఒక్కొక్కడూ నూట ముప్ఫై కిలోలుండే మనుషులు మీద పడుతుంటారు. మన చెడుగుడులో కూతకెళ్ళినవాడి పరిస్థితే. కాకపోతే కూతకెళ్ళినవాడు తనని పట్టుకోబోయేవాళ్ళనే చూస్తాడు. వీడు వాళ్ళని చూడకూడదు. వాళ్ళ భుజాల మీదుగా, ముప్ఫై గజాల అవతల పరుగెడుతున్న తనవాణ్ణి చూడాలి. పులి మీదికొస్తుంటే చెట్టు మీద పిట్టని లెక్కపెట్టినట్టు.

ఇక్కడి జట్టుకి జేలెన్ హర్ట్స్ అని క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. టెక్సాస్ కుర్రాడు. తండ్రి హైస్కూల్లో కోచ్, అంటే నీ బాపతే. కాలేజీలో చేరిన మొదటి ఏడాదే జట్టుని జాతీయ ఫైనలు దాకా లాక్కెళ్ళాడు. అక్కడ ఆఖరి సెకనులో క్లెమ్సన్ చేతిలో ఓడారు. రెండేళ్ళ మీద వాడు ఓడింది రెండే రెండు మ్యాచ్‌లు. అలాంటివాణ్ణి ఈ ఏడాది జనవరి 8న, అట్లాంటాలో, మళ్ళీ జాతీయ ఫైనల్లో, సగం ఆటకి జార్జియా మీద 13–0 వెనకబడ్డామని కోచ్ నిక్ సేబన్ కూర్చోబెట్టేశాడు. టువా టాగోవైలోవా అనే హవాయి పిల్లాణ్ణి దింపాడు. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా మొదటినుంచి ఆడనివాడు. వాడు అన్ని పనులూ కుడిచేత్తో చేస్తాడు, బంతి మాత్రం ఎడమచేత్తో విసురుతాడు. చిన్నప్పుడు తండ్రే అలా అలవాటు చేశాడట. ఎడమచేత్తో లడ్డూ ముట్టుకున్నందుకు నువ్వు నాకు మొట్టికాయ వేశావు.

ఆ మ్యాచ్ మా ఇంటామె హాల్లో చూశాను. నేనుండేది ఆవిడ బేస్‌మెంట్లో. డెబ్భై దాటిన రిటైర్డు టీచరు. చర్చికైనా ఆలస్యంగా వెళ్తుందేమోగానీ మ్యాచ్‌కి గంట ముందే ఎర్ర స్వెట్టరు వేసుకుని కూర్చుంటుంది. టువా మొదట ఒక బంతి తిన్నగా అవతలివాళ్ళ చేతిలో పెట్టాడు. తర్వాత కుదురుకుని 20–20కి తెచ్చాడు. అదనపు ఆటలో జార్జియా మూడు పాయింట్లు కొట్టింది. మనవంతు వచ్చింది. మొదటి విడతలోనే టువా అటు పరుగెత్తి ఇటు పరుగెత్తి, బంతిని పారెయ్యాల్సినవాడు పారెయ్యకుండా, పదహారు గజాలు వెనక్కెళ్ళి పడ్డాడు. పది గజాలు కావాల్సిన చోట ఇరవై ఆరు కావాలి. ఇంటామె దేవుణ్ణి తలుచుకుంది. నేను విసుగొచ్చి బాత్రూంకి వెళ్ళాను.

ఇల్లు ఎగిరిపోయినట్టు అరుపు వినపడింది. బయటికొచ్చేసరికి ఆట అయిపోయింది, మనం 26–23తో గెలిచాం. తర్వాత రీప్లేలో ఎన్నిసార్లు చూశానో. టువా చూపు ఒకవైపు పెట్టి, వెనక కాపలా ఉన్నవాణ్ణి ఆ చూపుతోనే అక్కడ కట్టేసి, బంతిని ఎడమ అంచున పరుగెడుతున్న డెవాంటా స్మిత్‌కి వేశాడు. నలభై ఒక్క గజాలు. ఆ స్మిత్ కూడా మొదటి ఏడాది కుర్రాడే. నువ్వు దీన్ని గుండె అంటావు. నాకైతే మతిమరుపు అనిపించింది. అర నిమిషం కింద తను చేసిన నిర్వాకం వాడికి గుర్తే లేదు! నేను మొన్న మీటింగులో పొద్దున్నే అందరికీ "గుడ్ నైట్" చెప్పి, ఆ మాట తలుచుకుని మూడు వారాలపాటు సరిగ్గా నిద్రపోలేదు. ఇలాంటి మతిమరుపు మన వంశంలో ఒక్క మీ నాన్నగారికే ఉంది, అదీ అప్పుల విషయంలో.

ఆ రాత్రి నేను చూసింది మాత్రం టువాని కాదు. టీవీ వాళ్ళు మాటిమాటికీ బెంచీ వైపు చూపించారు. హర్ట్స్ అక్కడ నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. తన కుర్చీ లాక్కున్నవాడు గెలిపిస్తే గంతులేస్తున్నాడు. నాకు అన్నం సయించలేదు. ఎందుకో నీకు తెలుసు.

2001. తొమ్మిదో క్లాసు. చెడుగుడు జోనల్ ఫైనలు. సగం ఆటకి మనం ఏడు పాయింట్లు వెనక. నువ్వు ఈలేసి సొంత మేనల్లుణ్ణి, నీ ఇంట్లో మూడుపూటలా తింటున్నవాణ్ణి, ఊరందరి ముందూ బయటికి పిలిచి పాలకేంద్రం వాళ్ళబ్బాయిని పంపావు. వాడు గీత దాటిన ప్రతిసారీ ఎవణ్ణో ఒకణ్ణి అవుట్ చేసుకొచ్చాడు. నేను వేపచెట్టు కింద, జట్టు సంచీ పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఆ సంచీ దగ్గరికి మళ్ళీ వస్తాను.

హర్ట్స్ ఇంకో కాలేజీకి పోతాడని ఇక్కడ అందరూ అనుకున్నారు. పోలేదు. ఈ ఏడాది పొడుగునా టువాయే ఆడాడు. గెలుపు ఖాయమయ్యాక చివర్లో కాసేపు హర్ట్స్‌ని దింపేవారు, పెళ్ళిలో ఆఖరి బంతికి మిగిలిన కూరలు వడ్డించినట్టు. మొన్న శనివారం మళ్ళీ అదే అట్లాంటా, అదే స్టేడియం, అదే జార్జియా. ఎస్‌ఈసీ అని వీళ్ళ ప్రాంతపు ఫైనలు. 28–14 వెనకబడ్డాం. టువా 25 విసిరితే 10 అందాయి, రెండు అవతలివాళ్ళకి చిక్కాయి. చివరికి ఇంకా పదకొండు నిమిషాలుందనగా చీలమండ మెలిపడి కుంటుతూ బయటికొచ్చాడు. అప్పటికి ఏడు పాయింట్లు తక్కువ. హర్ట్స్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంటామె నావైపు తిరిగింది. "వెళ్ళు" అంది. ఎక్కడికో చెప్పక్కర్లేదు. జనవరిలో నేను బాత్రూంలో ఉన్నప్పుడే గెలిచామన్నది ఆవిడ శాస్త్రం.

కమోడ్ మూత మీద కూర్చుని ఫోన్లో చూశాను. ఫోన్లో బొమ్మ అర నిమిషం ఆలస్యం. ముందు హాల్లో అరుపు, తర్వాత నా చేతిలో టచ్‌డౌన్, అంటే మనవాడు బంతితో గీత దాటడం. ఒత్తిడిలో వాడు ఆడిన ఆటని నేను ఒత్తిడి లేకుండా చూడగలిగానంటే ఆ ఘనత బాత్రూందే. ఏం జరుగుతుందో ముందే తెలుసు కనక బంతిని వదిలేసి వాడి మొహం చూశాను. అందులో ఏమీ లేదు మావయ్యా. కసి లేదు, "చూశారా" అన్న పొగరు లేదు. పాలు పోయించుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. తొమ్మిది విసిరితే ఏడు అందాయి. ఐదు నిమిషాలుందనగా జెర్రీ జూడీకి వేసి సమం చేశాడు. ఒక నిమిషం నాలుగు సెకన్లుందనగా, విసరబోయినట్టు వెనక్కి జరిగి, సందు కనిపించగానే తనే పదిహేను గజాలు దూసుకుపోయి గీత దాటాడు. 35–28. రాతిబొమ్మలాంటి సేబన్‌కి కూడా తర్వాత మాట్లాడుతుంటే గొంతు జీరబోయింది. ఇంటామె వచ్చి బాత్రూం తలుపు కొట్టి, నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ నన్ను నిఖార్సైన అభిమాని అనుకుంది.

పదకొండు నెలలు బెంచీ మీదున్నవాడు, పిలవగానే లేచి అలా ఆడాడంటే, కూర్చున్న రోజుల్లో కూడా వాడు ఆడుతూనే ఉన్నాడు. దిగినవాడి ధైర్యం అందరికీ కనబడుతుంది. దీనికి మాత్రం పేరేమిటో నాకు తట్టలేదు. నీకు తడితే రాయి.

ఇప్పుడు ఆ సంచీ. ఆట చివర్లో పాలకేంద్రం అబ్బాయికి మోకాలు దోక్కుపోయింది. ఇంకొక్క కూత మిగిలింది. నువ్వు నావైపు తిరిగి, "ఏరా, వెళ్తావా?" అన్నావు. నేను తల అడ్డంగా ఊపాను. నువ్వు చీదరించుకుని ఆ కుంటుతున్నవాణ్ణే పంపావు. వాడు గెలిపించుకొచ్చాడు. ఆ రోజే నువ్వు నాకు గుండె లేదని తేల్చేశావు. అదీ నీ తప్పు.

నా తప్పు ఇది. జట్టు కోసం అత్తయ్య కట్టి ఇచ్చిన ఏడు బత్తాయిలు ఆ సంచీలో ఉన్నాయి. ఉక్రోషం కొద్దీ నేను నాలుగు ఒలుచుకు తినేశాను. నువ్వు పిలిచేసరికి ఐదోది నోట్లో ఉంది, రెండు బుగ్గలా. కూత పెట్టాలంటే నోరు ఖాళీగా ఉండాలని నేర్పింది నువ్వే. తర్వాత కాయలు తక్కువయ్యాయని బంట్రోతు మీద అరిచావు, పాపం ఆయన దేవుడి మీద ఒట్టేశాడు. కనిపిస్తే నా తరఫున క్షమించమను.

అది భయం కాదు మావయ్యా. బత్తాయి.

ఇట్లు,
నీ మేనల్లుడు

తాజాకలం: జాతీయ సెమీఫైనలు ఈ నెల 29న మయామీలో, ఓక్లహామాతో. ఇంటామె ఇప్పట్నుంచే నన్ను నీళ్ళు ఎక్కువగా తాగమంటోంది. ఆ మ్యాచ్ పేరు ఆరెంజ్ బౌల్. ఒట్టు, నేను కల్పించింది కాదు.