రాజుగారి మట్టి, రైతు మట్టి

వరంగల్‌లో మట్టి రెండు రకాలు. ఎర్రమట్టి, నల్లమట్టి అని మీరనుకుంటే అది వ్యవసాయ శాఖ లెక్క. నేను చెప్పేది మొత్తం సర్కారు లెక్క: రాజుగారి మట్టి, రైతు మట్టి. రెండూ ఒకే చెరువు కింద తవ్వినవే కావచ్చు. రాజు తొక్కించి గోడ పెట్టిస్తే అది జాతీయ ప్రాధాన్యం గల కట్టడం. రైతు తన కాళ్లతో తొక్కి పెట్టుకుంటే అది కచ్చా ఇల్లు. మొదటిదాన్ని గీకితే కేసు, రెండోదాన్ని కూలిస్తే పథకం.

నమ్మకం లేకపోతే ఖిలా వరంగల్‌కు రండి. రాతికోట, దాని వెలుపల మట్టికోట. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలం నాటి పని. ఆ మట్టికట్ట వలయం ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 2.4 కిలోమీటర్లు. 1310లో ఢిల్లీ నుంచి వచ్చిన మాలిక్ కాఫూర్ సేన దీన్ని ముట్టడించింది. ఆ దండయాత్ర కథ రాసిన అమీర్ ఖుస్రో ఢిల్లీ పక్షం మనిషే. అయినా ఈ గోడను మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. ఉక్కు బల్లెం దిగదట, యంత్రంతో విసిరిన రాయి కూడా తగిలి వెనక్కి ఎగురుతుందట. శత్రువు ఇచ్చిన నాణ్యతా పత్రం కన్నా గట్టిది ఏ ఇంజనీరు ఇవ్వగలడు? ఏడొందల ఏళ్లు దాటినా ఆ కట్ట నిలిచే ఉంది. అందుకే దానికి కేంద్ర పురావస్తు శాఖ ఉంది, నీలం బోర్డు ఉంది, చట్టం ఉంది. 2010లో సవరించిన ఆ చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టరాదు. ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే ఇటుక పెట్టరాదు. ఆ హద్దుల్లో ఉన్నవాళ్లు పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అర్జీ పెట్టుకోవాలి. రాజుగారి మట్టి పక్కన ఇల్లుండటమంటే మాటలా మరి!

ఇక రైతు మట్టి సంగతి. చెలక మట్టి తెచ్చి, నీళ్లు పోసి, గడ్డి కలిపి నానబెట్టాలి. కాళ్లతో తొక్కి ముద్ద చేయాలి. ఒక వరుస పెట్టి, అది ఆరిందాకా ఆగి, దానిమీద ఇంకో వరుస పెట్టాలి. తొందరపడితే గోడ జారుతుంది. మూరెడు మందం, మధ్యలో దీపానికో గూడు. పైన దూలాలు, వాసాలు, గూనపెంకలు. నడుమ భవంతి, అంటే పైకప్పు లేని వాకిలి, దాని చుట్టూ అర్రలు. వానొస్తే నాలుగు దిక్కుల చూరునీళ్లూ ఆ భవంతిలోకి దిగి తూము గుండా వీధిలోకి పోతాయి. బయటి గోడకు జాజు, దానిమీద సున్నం చారలు. మే నెలలో వరంగల్ వీధుల్లో నిప్పులు కురుస్తుంటే అర్రలో నులక మంచం వేసుకుని పడుకోవచ్చు. దీనికి ఆర్కిటెక్టు లేడు, ప్లాను లేదు, అనుమతి కాగితం అంతకన్నా లేదు. ఉన్నదల్లా తాతకు తెలిసిన పని.

ఈ ఇంటిని సర్కారు ఎట్లా చూస్తుందో తెలుసుకోవాలంటే 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఫారం చూడాలి. పల్లెల్లో పేదలెవరో తేల్చడానికి పెట్టుకున్న కొలమానాల్లో మొట్టమొదటిది ఇది: కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న ఒకే ఒక్క గదిలో బతుకుతున్నారా? పేదవాళ్లను వెతకడం మంచిదే, ఎవరూ కాదనరు. కాకపోతే ఆ ఫారం పట్టుకుని మట్టికోటకు వెళ్తే కాకతీయుల పరిస్థితేమిటా అని నా సందేహం. గోడలు కచ్చా, కప్పు అసలే లేదు. రుద్రమదేవికి మొదటి విడతలోనే ఇల్లు మంజూరయ్యేది.

మంజూరైతే ఏం జరిగేదో కూడా చెప్పవచ్చు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయలిస్తుంది. పథకం పెట్టినప్పటి మార్గదర్శకాల్లో 400 చదరపు అడుగులు తగ్గకూడదన్నారు, వంటగది ఉండాలన్నారు, మరుగుదొడ్డి ఉండాలన్నారు. అన్నీ న్యాయమైన మాటలే. వాటి వెంటే ఇంకో షరతు: పైకప్పు ఆర్‌సీసీ స్లాబే అయి ఉండాలి. బిల్లులు కూడా దశల వారీగా, ఒక్కో దశ పూర్తయినట్టు ఫొటో చూపిస్తేనే. గట్టి దూలాలున్న పెంకుటింటిని బాగుచేసుకుంటాను, వెనక ఒక మరుగుదొడ్డి కట్టుకుంటాను, నాకు అందులో సగం ఇవ్వండి అని అడిగేవాడికి ఆ ఫారంలో గడి లేదు. కూలగొట్టుకుంటే 5 లక్షలు, నిలబెట్టుకుంటే శుభాకాంక్షలు.

అదే రాజుగారి కట్టడమైతే మన ఓపికకు అంతుండదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందున్న మండపాన్ని 2006లో విప్పారు. రాళ్లకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. పునాది కొత్తగా వేసి, పనికిరాని రాళ్ల చోట కొత్తవి చెక్కించి, 2024 మార్చి 8న శివరాత్రి నాడు మండపాన్ని తెరిచారు. 18 ఏళ్లు! పని చక్కగా చేశారు, శిల్పులకు దండం పెట్టాల్సిందే. నా ఏడుపల్లా ఒకటే. ఒక మండపానికి 18 ఏళ్లు ఆగగలిగిన ఊరు, ఒక భవంతి ఇంటికి 18 నిమిషాలు ఆగలేకపోతోంది. జేసీబీ వాడు గంటకింత అంటాడు. పూట గడిచేసరికి వాడి పనీ అయిపోతుంది, ఇంటి పనీ అయిపోతుంది. దూలాలకు నంబర్లు వేసే ఆచారం మాత్రం మనకూ ఉంది, ఏది ఎంతకు అమ్ముడుపోయిందో గుర్తుండటానికి.

మనది మామూలు ఊరు కాదు కూడా. 2015లో కేంద్రం హృదయ్ అనే పథకం పెట్టి దేశం మొత్తం మీద 12 వారసత్వ నగరాలను ఎంచుకుంటే అందులో వరంగల్ ఒకటి. 2019లో ఆ పథకం ముగిసింది. 2021 జూలైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. అదే ఏడాది, 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలు నేలమట్టమైంది, ఆసుపత్రి కోసం. ఆసుపత్రి వద్దనేవాడు మూర్ఖుడు. కానీ 1934లో పెట్టి 2002లో మూసేసిన ఆజంజాహీ మిల్లు భూముల్లో ప్లాట్లు కూడా వేసుకున్నాం. గుడి, కోట తప్ప ఇంకేదీ వారసత్వం కాదని తేలిపోయాక, గిర్మాజీపేటలోనో మట్టెవాడలోనో మిగిలిన పెంకుటింటి గురించి మాట్లాడేవాడిని పిచ్చివాడి కింద జమ కట్టక ఏం చేస్తారు?

అయితే పిచ్చివాళ్లు లేకపోలేదు. ఏటా ఏప్రిల్ 18న వారసత్వ దినోత్సవానికి బయటికి వస్తారు. ఏసీ హాలు, వేదిక వెనక కళాతోరణం ఫ్లెక్సీ. వచ్చిన ప్రతి వక్తా రామప్ప ఇటుకలు నీళ్లలో తేలతాయని చెప్పి కూర్చుంటాడు. చప్పట్లు. మన ఇంటి ఇటుకలు ట్రాక్టర్‌లో తేలిపోతున్నాయని చెప్పేవాడికి మైకు అందేలోపు భోజనాల వేళవుతుంది.

వాళ్లకన్నా ఒక మెట్టు పైన ఉన్నది డాక్యుమెంటేషన్ బృందం. 1964లో బెర్నార్డ్ రుడోఫ్‌స్కీ అనే ఆయన న్యూయార్క్ మ్యూజియంలో, వాస్తుశిల్పి లేని వాస్తుకళ పేరుతో పల్లె కట్టడాల ఫొటోలు పెట్టి ప్రపంచం కళ్లు తెరిపించాడు. అప్పటి నుంచి ప్రపంచం కెమెరా మూయలేదు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ సంభాషణ దాదాపు ఇట్లా నడుస్తుంది.

"అవ్వా, ఈ గోడ ఎన్నేండ్లదే?"

"మా అత్త కాపురానికొచ్చినప్పటికే ఉండె బిడ్డా."

"చాలా గొప్ప ఇల్లు అవ్వా. దీన్ని కాపాడుకోవాలె."

"కాపాడు బిడ్డా. నిచ్చెన ఆడ్నే ఉన్నది. గా మూలకు నాలుగు గూనలు జారినయి, ఎక్కి సర్దు."

బిడ్డ ఎక్కడు. ఆ సందులోంచి అర్రలోకి పడుతున్న వెలుతురును ఫొటో తీసుకుంటాడు, భలే వచ్చిందని మురిసిపోతాడు. లేజర్‌తో గోడ కొలుస్తాడు, నివేదిక రాస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. వానాకాలంలో ఆ సందులోంచే నీళ్లు దిగి గోడ నానుతుంది. మరునాడు జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్ల వార్త: వర్షానికి కూలిన మట్టి ఇల్లు. అసలు కూల్చింది వర్షం కాదు, నాలుగు గూనలు. కొన్నిసార్లు ఆ గోడ కింద మనుషులూ ఉంటారు. అప్పుడు మాత్రం అందరూ ఒక్కమాట మీదికి వస్తారు, మట్టి ప్రమాదకరమని. మరమ్మతు లేకపోవడం ప్రమాదకరమని ఒక్కరూ అనరు.

పోయిన ఇంటికి పునర్జన్మ లేదనుకోకండి. దర్వాజను పాత సామాన్ల వ్యాపారి పట్టుకుపోతాడు. అది హైదరాబాద్‌లో ఒక కాఫీ హోటల్ గోడకు వేలాడుతుంది, తలుపు తీస్తే వెనక గోడే. ఇల్లు కూలిన చోట లేచిన ఫంక్షన్ హాలుకు సిమెంటు కాకతీయ తోరణం వస్తుంది. హైవే పక్కన పల్లె వాతావరణం పేరుతో రిసార్టు వెలుస్తుంది. కాంక్రీటు గోడకు మట్టి రంగు, స్లాబ్ మీద పెంకుల అలంకారం, లోపల ఏసీ. ఊళ్లో మట్టి ఇల్లు సిగ్గుచేటని అమ్ముకున్నవాడే అక్కడ ఒక రాత్రికి వేలు పోసి పిల్లలకు చూపిస్తాడు: "చూడు నాన్నా, తాతయ్య వాళ్లు ఇట్లాంటి ఇంట్లోనే ఉండేవారు." మనస్ఫూర్తిగా కాపాడినవాళ్లూ ఉన్నారు. 1996లో చెన్నై దగ్గర తెరిచిన దక్షిణచిత్రలో ఉమ్మడి నల్గొండ జిల్లా కొయ్యలగూడెం ఇక్కత్ నేతన్నల ఇల్లుంది. మెచ్చుకోవాల్సిన పని. కాకపోతే మన నేతన్న ఇల్లు ఎట్లా ఉండేదో చూడటానికి మనం టికెట్ కొనుక్కుని తమిళనాడు పోవాలి.

ఇంత చెప్పి, పెంకుటింట్లో ఉండటం స్వర్గమని నేనంటే నన్ను కూడా ఆ ఏసీ హాల్లోనే కూర్చోబెట్టండి. ఏటా రోహిణి కార్తెలో గూనలు సర్దించాలి. ఆ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. ఉన్నవాళ్ల పిల్లలు సెంట్రింగ్ పనికి పోతున్నారు, అక్కడే కూలి గిట్టుతుంది. దూలానికి చెద. వారం వారం అలుకు చల్లేది, పేడ పిసికేది ఇంటి ఆడవాళ్లు. వారసత్వం గొప్పదని ఉపన్యాసమిచ్చేది ఆ పేడ చేతికంటని మగవాళ్లు. ఇవన్నీ ఒక ఎత్తు, కోతులు ఒక ఎత్తు. మా జిల్లాల్లో పెంకుటిళ్లను అంతం చేస్తున్న అసలు సంస్థ అదే. గుంపుగా వచ్చి గూనలు పీకి అవతల పడేసి, ఇంట్లోకి దిగి బియ్యం డబ్బా మూత తీసి మరీ పోతాయి. మాలిక్ కాఫూర్‌ను కొన్నాళ్లు ఆపిన మట్టి కోతిని ఆపలేకపోతోంది. ఆ పెంకులు సర్దలేక రేకులు వేసుకున్నవాడిని, స్లాబ్ ఉంటే తప్ప పిల్లనివ్వమంటే అప్పు చేసి పోయించుకున్నవాడిని నేనొక్క మాటా అనను. మే నెల రాత్రి ఆ స్లాబ్ కింద కూలర్ పెట్టుకుని ఉడికిపోతూ అతనే నాలుగు మాటలు అనుకుంటాడు.

నేననేది పై వాళ్లను. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే దేశంలోని పల్లె ఇళ్ల తీరుల మీద పహల్ అనే సంకలనం అచ్చు వేసింది. పూర్తి పేరు ప్రకృతి, హునర్, లోకవిద్య. స్థానిక మట్టి, స్థానిక పనితనం ఎంత విలువైనవో అందులో బొమ్మలతో సహా ఉంది. అంటే తెలియక కాదు. తెలిసిన సంగతి పుస్తకంలో ఉంది, డబ్బు ఇంకో ఫైలులో ఉంది. ఆ రెండూ ఒకే బల్ల మీదికి రావాలంటే వేరే మ్యూజియమో, కొత్త చట్టమో అక్కర్లేదు. ఇల్లు బాగుచేసుకునేవాడికి కొత్తిల్లు కట్టేవాడికిచ్చేదాంట్లో సగం ఇవ్వండి. గూనలు సర్దడం, మట్టి గోడ పెట్టడం తెలిసినవాళ్లకు సెంట్రింగ్ మేస్త్రీతో సమానంగా కూలి కట్టి, నేర్చుకునే కుర్రాళ్లను వాళ్ల వెంట పంపండి. కోతులకు దారి చూపండి. ఆపైన మార్గదర్శకాల్లో 'స్లాబ్' అన్న చోట 'లేదా పెంకు' అని రెండు మాటలు చేర్చండి. ఖజానా మీద భారం పడుతుందంటారా? ఆ రెండు మాటల సిరా ఖర్చు నేను భరిస్తాను.