నడుస్తున్న డబ్బాను గెలికే పద్ధతి

2016 అక్టోబరు 11, దసరా. పాత మహబూబ్‌నగర్‌ నుంచి విడివడి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌ కొత్త జిల్లాలయ్యాయి. సరిగ్గా ఇరవై రోజులకు, అదే నెల 31న, సిస్కో కంపెనీ తన 1841, 2811 రౌటర్ల బాధ్యత పూర్తిగా వదిలించుకుంది. అమ్మకం 2011లోనే ఆపేసింది కాబట్టి ఇది ఉన్నట్టుండి పడిన పిడుగేమీ కాదు. అయినా బీరువాలు, ఫైళ్లు, సిబ్బంది పంపకాలు సాగుతున్న నెలలో ఒక ఇనుప డబ్బాకు గడువు తీరిందన్న సంగతి ఎవరికి పడుతుంది?

గడువు తీరిన రౌటరు ఆ మాట పైకి చెప్పదు. లైట్లు వెలుగుతాయి, నెట్‌ వస్తుంది. అందుకే దానికి కొత్త ఐఓఎస్‌, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌, ఎక్కిద్దామని ఎవరైనా అంటే చుట్టూ ఉన్నవాళ్ల మాట ఒకటే: “నడుస్తున్నది గద సార్‌, గెలుకుడెందుకు?” ఈ సలహాను తోసిపుచ్చి ముందుకు పోయే ధైర్యవంతులకు కొన్ని సూచనలు.

ముందు ముహూర్తం. ఆదివారం, రాత్రివేళ, సెలవురోజు అసలు పనికిరావు, చూసేవాళ్లుండరు. 2020లో ధరణి పోర్టల్‌ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాలకు మారాయి. ఇప్పుడు పోర్టల్‌ పేరు భూభారతి అయినా నెట్‌ లేకపోతే కదలనిది ఆ పనే. కాబట్టి స్లాట్లు నిండిన రోజు, పదకొండు గంటలకు, సాక్షులతో సహా ఆటో దిగిన రైతులు వరండాలో నిలబడి ఉండగా మొదలుపెట్టడం శ్రేష్ఠం. ఈదురుగాలి, ఉరుములు తోడైతే మరీ మంచిది. యూపీఎస్‌ ఉంది కదా! దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడగడం అపశకునం.

తర్వాత, ఉన్నదేమిటో చూడకుండా ఉండటం. ‘షో వెర్షన్‌’ అని కొడితే రౌటరు తన మెమరీ ఎంతో, ఏ వెర్షన్‌తో నడుస్తోందో చెప్పేస్తుంది. ‘షో ఫ్లాష్‌’ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ ఉండే ఫ్లాష్‌ మెమరీలో ఖాళీ ఎంత ఉందో చూపిస్తుంది. ఇవన్నీ తెలిస్తే ఉత్సాహం చల్లారుతుంది. ఉదాహరణకు 1841కు ఏం చేసినా 15.1 వెర్షన్‌ దాటదు. అంటే ఎంత శ్రమపడి ‘కొత్తది’ ఎక్కించినా దక్కేది పాతదాంట్లో చివరిది. నిజాయితీగా చెప్పాలంటే ఆ వయసు రౌటరుకు సరైన అప్‌గ్రేడ్‌ దాన్ని తీసేసి వేరేది పెట్టడమే. కానీ దానికి టెండరు కావాలి. సాఫ్ట్‌వేర్‌కు ఒక మధ్యాహ్నం చాలు.

ఇక అసలు పని. ఫ్లాష్‌లో చోటు చాలకపోతే ముందు పాత ఫైలును తుడిచేయాలి. కొత్తది భద్రంగా చేరిందాకా ఆగడం, పాతదానికి నకలు తీసిపెట్టుకోవడం పిరికివాళ్ల లక్షణాలు. ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్‌ తెరవాలి. పాస్‌వర్డ్‌ అడగని, ఏమీ ప్రశ్నించని మంచి ప్రొటోకాల్‌ ఇది. ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది. ముక్కల అంకె 65,535 దాటితే కొన్ని పాత సర్వర్లు అయోమయంలో పడతాయి. లెక్క కడితే దాదాపు 32 ఎంబీ. అంతకంటే పెద్ద ఫైలును ఎంచుకున్నవారికి నిండైన వినోదం దొరుకుతుంది. తెరమీద ఆశ్చర్యార్థకాలు బారులు తీరుతాయి, పది ముక్కలకు ఒకటి చొప్పున. గుంపు కూడా ఆసక్తిగా చూస్తుంది. సరిగ్గా 32 దగ్గర ఆ బారు ఆగిపోతుంది.

ఆ సమయంలో కరెంటు పోయి వచ్చిందనుకుందాం. ఫ్లాష్‌లో సాఫ్ట్‌వేర్‌ లేదు. రౌటరు మామూలు ప్రాంప్ట్‌ మానేసి ‘రామ్‌మాన్‌ 1’ అని మొహం పెడుతుంది. ఇక్కడినుంచి లేత నీలిరంగు కన్సోల్‌ కేబుల్‌ వెతకాలి. అది ఏ సొరుగులోనో కాలం చెల్లిన డైరీల కింద ఉంటుంది. దాని రెండో కొస పట్టే రంధ్రం నేటి ల్యాప్‌టాప్‌లలో లేదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్‌ కోసం కుర్రాణ్ణి బజారుకు పంపాలి. వనపర్తి అయితే, ఒకప్పటి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్‌ నడుస్తోంది కాబట్టి ఈ సంగతులు తెలిసినవాడు ఊళ్లో ఒకడైనా ఉంటాడు. వాణ్ణి మాత్రం అడగకూడదు.

కేబుల్‌ దొరికాక, దానిమీదుగా ఫైలు పంపే ఎక్స్‌మోడెం. కన్సోల్‌ వేగం మార్చకుండా 9600 దగ్గరే ఉంచితే సెకనుకు వెళ్లేది సుమారు 960 బైట్లు. ముప్పై ఎంబీల ఫైలుకు తొమ్మిది గంటలు దాటుతుంది. ఆలోగా నాగర్‌కర్నూల్‌ నుంచి హైదరాబాద్‌కు బస్సులో పోయి, బిర్యానీ తిని, తిరిగి రావచ్చు. (నాగర్‌కర్నూల్‌కు రైలు ఎలాగూ లేదు.) వేగాన్ని 1,15,200కు పెంచితే ముప్పావు గంటలో తేలిపోతుంది. 1841 వెనక ఉన్న కాంపాక్ట్‌ ఫ్లాష్‌ కార్డును లాగి, కార్డు రీడర్‌లో పెట్టి ఫైలు కాపీ చేస్తే అంతకూడా పట్టదు. ఈ రెండు దారులూ తొమ్మిదో గంటలోనే గుర్తుకు రావాలి.

అసలు ఫైలు ఎక్కడిది? సిస్కో నుంచి అధికారికంగా దించుకోవాలంటే సర్వీసు ఒప్పందం ఉండాలి. గడువు తీరిన డబ్బాకు ఒప్పందం ఎవరిస్తారు? కనుక ముక్కూమొహం తెలియని పుణ్యాత్ముడు ఎక్కడో పెట్టిన ఫైలును తెచ్చుకోవడం ఆనవాయితీ. ఫైలు మారలేదని తేల్చేందుకు కంపెనీ ప్రకటించిన ఎండీ5 సంకేతంతో సరిపోల్చడం ఆ పుణ్యాత్ముణ్ణి అవమానించడమే.

2015 సెప్టెంబరులో మాండియంట్‌ సంస్థ బయటపెట్టిన ‘సిన్‌ఫుల్‌ నాక్‌’ కథ ఇక్కడ చెప్పక తప్పదు. దొంగలు రౌటర్లలోని ఐఓఎస్‌నే మార్చేసి, తమకు మాత్రమే తెలిసిన దొడ్డిదారి ఒకటి పెట్టుకున్నారు. ఫైలు సైజు పెరగకుండా అసలు కోడ్‌లో కొంత భాగంమీదే తమది రాసేశారు. రీబూట్‌ చేసినా పోదు. చిక్కిన మోడళ్లు 1841, 2811, 3825. మొదట కనిపెట్టిన పద్నాలుగు రౌటర్లు ఉన్న దేశాలు నాలుగు: ఉక్రెయిన్‌, ఫిలిప్పీన్స్‌, మెక్సికో, భారత్‌. లోపలికి రావడానికి వాళ్లు కొత్త లోపమేదీ వాడినట్టు కనిపించలేదు. మార్చని పాస్‌వర్డో, కొట్టేసిన పాస్‌వర్డో సరిపోయింది.

ఇంట్లో డబ్బాలకూ ఇదే శాస్త్రం. టీపీ-లింక్‌ 841ఎన్‌నే తీసుకుంటే, అడుగున అతికించిన చీటీమీద మోడలు పక్కనే చిన్నక్షరాల్లో వెర్షన్‌ సంఖ్య ఉంటుంది. దాన్ని చదవకూడదు. ‘వనపర్తి రోడ్‌’ అన్న బోర్డు చూసి రైలు దిగినవాళ్లు మదనాపురంలో ఉంటారు, వనపర్తి ఇంకా దూరం. మోడలు పేరొక్కటే చూసి ఫర్మ్‌వేర్‌ దించుకున్నవాళ్ల గతీ అంతే. లోపలి చిప్పులు వేరైతే డబ్బా ఇటుక అవుతుంది. కంపెనీది వద్దని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే వేరే ఫర్మ్‌వేర్‌ వేసుకుందామన్నా, నాలుగు ఎంబీల ఫ్లాష్‌, 32 ఎంబీల ర్యామ్‌ ఉన్నవాటికి దారి 19.07తో ముగిసింది. ఏమీ చేయకుండా వదిలేస్తారా? 2025 జూన్‌లో అమెరికా సైబర్‌ సంస్థ సీసా, నిజంగానే దాడులు జరుగుతున్న లోపాల జాబితాలో ఇదే 841ఎన్‌ 8, 10 వెర్షన్లలోని లోపాన్ని చేర్చింది.

అప్‌గ్రేడ్‌ పూర్తయ్యాక పాస్‌వర్డ్‌ మళ్లీ ‘అడ్మిన్‌’ అని పెట్టడం మరిచిపోకూడదు. 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్‌ బ్రాడ్‌బ్యాండ్‌ మోడెములమీద మాల్వేర్‌ దాడి జరిగింది. గద్వాల సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటకలో దాని దెబ్బ గట్టిగా తగిలింది. పడిపోయినవి పాస్‌వర్డ్‌ మార్చని మోడెములే. మార్చుకోండని సంస్థ వినియోగదారులకు మొరపెట్టుకుంది.

ఇంత జరిగాక కూడా పాత రౌటరు లొంగకపోతే తీసేసి స్క్రాపుకు వేయడమే. ఏమీ తుడవకుండా, కేబుళ్లు చుట్టి అలాగే ఇచ్చేయాలి. 2023లో ఈసెట్‌ సంస్థ సెకండ్‌హ్యాండ్‌ మార్కెట్లో కొన్న రౌటర్లలో సగానికి పైగా పాత యజమానుల నెట్‌వర్క్‌ వివరాలు చెక్కుచెదరకుండా దొరికాయి. ‘రైట్‌ ఎరేజ్‌’ అని కొట్టి ఒకసారి రీలోడ్‌ చేస్తే కాన్ఫిగరేషన్‌ పోతుంది, డబ్బాకు వచ్చే తూకం ధర ఒక్క రూపాయి తగ్గదు.