అమానతు

మనుష్యుని చిరునామా నానాటికి సూక్ష్మమగుచున్నది. ఆ చిరునామాకు చేరవలసిన వస్తువు మాత్రము నానాటికి దారి తప్పుచున్నది. పూర్వము కార్డు మీద ఊరి పేరును, ఇంటి పేరును, ‘రావిచెట్టు వెనుక’ అను మాటయు ఉండిన చాలును. తపాలా బంట్రోతు ఉత్తరమును ఇంటికి తెచ్చుటయే కాక, చదువురాని వారికి చదివి వినిపించి, ఏడ్వవలసిన చోట తానును రెండు కన్నీటి బొట్లు రాల్చి మజ్జిగ త్రాగి పోయెడివాడు. ఆ అస్తవ్యస్తత సహింపరానిదై, 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన, శ్రీరామ్ భికాజీ వేలంకర్ అను తపాలా శాఖోద్యోగి ప్రయత్నమున ఈ దేశమునకు ఆరంకెల పిన్‌కోడు సంక్రమించినది. ఆయన సంస్కృత పండితుడు కూడ అగుటవలన కాబోలు, ఆ సంఖ్యకు సూత్రముల బిగువబ్బినది: మొదటి అంకె మండలమును, రెండవది ఉపమండలమును, మూడవది వర్గీకరణ జిల్లాను, కడపటి మూడును తపాలా కార్యాలయమును తెలుపును. అయిదుతో ఆరంభమైనచో ఆ ఉత్తరము ఆంధ్రప్రదేశమునకో, తెలంగాణమునకో, కర్ణాటకమునకో పోయి తీరవలెను.

అదియును చాలదని 2025లో తపాలా శాఖవారు హైదరాబాదు ఐ.ఐ.టి. వారితోను, ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రము వారితోను కలిసి డిజిపిన్ అను పదక్షరముల సంకేతమును వెలయించిరి. దీని ప్రకారము భారతభూమి యెల్ల సుమారు నాలుగు మీటర్ల పొడవును, నాలుగు మీటర్ల వెడల్పును గల గళ్ళుగా విభక్తమైనది. అడవిలో తపస్సు చేసికొను ముని కూర్చున్న చోటికి సైతము ఒక సంకేతమున్నది. ఆయనకు తెలియదు, అంతియే. ఇంతటి ఘనకార్యమున నాకు కనబడిన కొరత యొక్కటే: ఆ గడికి పొడవున్నది, వెడల్పున్నది, ఎత్తు లేదు. మూడవ అంతస్తున 302వ సంఖ్య గల ఇంట నేనును, సరిగా నా నెత్తి మీద 402లో మరియొక పెద్దమనిషియును కాపురమున్నాము. పైనుండి చూచు ఉపగ్రహమునకు మేమిద్దరము ఒక్కరమే. ఈ అద్వైతము ఉపగ్రహమునకు సమ్మతమే కాని ఆ పెద్దమనిషికి ఏనాడును సమ్మతము కాలేదు.

ఆయన కోర్టులో శిరస్తాదారు పని చేసి విశ్రాంతి పొందినవారు. విశ్రాంతి పొందినది ఉద్యోగమే కాని ఆయన కాదు. ఆయన వసారాలో ఆరవేసిన తడిబట్టల నీరు మా వడియముల మీద పడుచున్నదని నేను విన్నవించుకొనగా, “మాస్టారూ, నీళ్ళు పల్లానికి పోతాయి. అది ప్రకృతి ధర్మం. అందులో నన్ను ప్రతివాదిని చేస్తే ఎలా?” అని నన్ను సాగనంపిన దిట్ట. మోటారు ఏ వేళ వేయవలెను, లిఫ్టులో గ్యాసు బండ ఎక్కవచ్చునా, ఎవరి ముగ్గు ఎవరి గుమ్మము సరిహద్దు దాటినది అను విషయములలో ఆయన తీర్పునకు మా భవనమున అప్పీలు లేదు.

ఇట్టి పరిస్థితులలో కోనసీమనుండి మా పినమామగారి కుమారుడు, మా ఆవిడకు తమ్ముని వరుస వాడు, ఆత్రేయపురము పూతరేకులు ఒక పెట్టె కట్టించి కొరియరులో పంపినాడు. పూతరేకులనగానేమో తెలుగువానికి చెప్పనక్కరలేదు గాని, దాని ప్రకృతి ఎంత సుకుమారమో తెలిసిననే తరువాతి కథలోని దారుణము బోధపడును. బోర్లించిన కుండ అడుగున మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దాని వీపు మీద ఒక్క మారు లాగినచో, క్షణములో ఉల్లిపొరకంటె పలుచనైన రేకు లేచివచ్చును. దానికి నేతిని పూసి, బెల్లపు పొడియో చక్కెర పొడియో చల్లి, మడతలు పెట్టుదురు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ప్రభుత్వము గుర్తించిన ఆ వస్తువును కొరియరు కుర్రవాడు గుర్తించినాడు కాని, ఇంటిని గుర్తింపలేదు.

ఆ కుర్రవాని తప్పు అని నేనెట్లనగలను? మా హైదరాబాదు పురపాలకపు ఇంటి సంఖ్యలు చూచినవారెవ్వరును అనజాలరు. నడుమ అడ్డగీతలు, ఏటవాలు గీతలు, బై నంబర్లు, వాని తోకన ఏ, బీ, సీ అను అక్షరములు. బీజగణితమున ఉత్తీర్ణుడు కానివాడు మా వీధిలో ఇల్లు కనుగొనలేడు. పైగా ఎండలో రోజుకెన్నో మెట్లెక్కవలసిన వానికి, తెరచిన తలుపే సరియైన తలుపుగా తోచుట మానవ సహజము. నేను ఫోను చేయగా వాడు దాపరికము లేకయే చెప్పినాడు: “సార్, 302ల బెల్లు కొడితే ఎవ్వరు తలుపు తీయలే. పైన పెద్దసారు ‘ఇటు తే’ అన్నడు, తీస్కున్నడు. ఫొటో గూడ కొట్టిన సార్, సూస్కోండి.”

చూచితిని. ఆ ఛాయాచిత్రమున ఒక పచ్చని కాళ్ళపట్టా, దాని మీద నా పెట్టె, ఇనుప గ్రిల్లు అడుగుభాగమున వ్రేలాడు నిమ్మకాయ–మిరపకాయల దండ, ఒక మూలగా హవాయి చెప్పులో ఒక బొటనవ్రేలు. ఆ వ్రేలిని నేనెరుగుదును. గోరు సగము చీలి, పసుపు రాసినట్లు వన్నె తిరిగి, లిఫ్టు చెడిన దినములలో మెట్ల మీద ఆయనకంటె ముందు దర్శనమిచ్చు వ్రేలది.

కొరియరు కంపెనీవారి ఫిర్యాదుల విభాగమునకు ఫోను చేయగా, ఒక యంత్రకాంత తెలుగునకు ఒకటియు, హిందీకి రెండును నొక్కుమని ఆదేశించి, ఒకటి నొక్కిన నాతో హిందీలో మాటలాడి, నా పార్సిలు ‘సఫలముగా’ అందినదని అభినందించెను. మనిషి దొరికిన తరువాతను ఫలము మారలేదు. వారి లెక్కలో బట్వాడా ముగిసినది, ఫోటో ఉన్నది, ఫోటోలో పెట్టె ఉన్నది, తలుపున్నది. ఆ తలుపు నాది కాదనుట నా మాటయే గదా! ఈ నిర్వికారమును నేను వారి సొంత కల్పన అనుకొని కొంత నొచ్చుకొంటిని గాని, తరువాత ఆలోచింపగా దీనికి పూర్వసంప్రదాయమున్నట్లు గుర్తు వచ్చినది. 1898 నాటి తపాలా చట్టము ఆరవ సెక్షనులోనే, ఉత్తరము పోయినను, ఒకరిది మరొకరికి పోయినను, ఆలస్యమైనను, చెడిపోయినను, తాము ప్రత్యేకముగా పూచీపడిననే తప్ప సర్కారువారికి బాధ్యత లేదని తెల్లదొరలు ముందుగానే చేతులు కడుగుకొనిరి. ఆ చట్టము పోయి 2023 నాటి కొత్త చట్టము వచ్చినది. చేతులు కడుగుకొను నీళ్ళు మాత్రము పంపులో అట్లే వచ్చుచున్నవి. ప్రైవేటు కంపెనీలవారు ఆ పుణ్యతీర్థమునే చీమతలకాయలంత అక్షరములలో రసీదు వెనుక అచ్చొత్తించి పంచిపెట్టుచున్నారు.

ఇక మిగిలినది ఆ తలుపు. తట్టితిని. శిరస్తాదారుగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, “ఏమిటి సంగతి?” అనిరి. సంగతి చెప్పితిని. “ఉంది. అమానతులో ఉంది,” అనిరి.

ఇచ్చివేయుడన్నందుకు ఆయన నవ్వి, మొట్టమొదట పార్సిలు మీది పేరు చదువుమనిరి. అక్కడ మా బావమరిది, ప్రేమాధిక్యమున, ‘చిన్నబావగారికి, 302’ అని వ్రాసినాడు. నేను ఆధారు కార్డు చూపితిని. “ఇందులో చిన్నబావ అని లేదే!” అనిరి. ఫోను నంబరు చూడుమంటిని. చినుకులకు తడిసి రెండంకెలు అలుక్కుపోయినవి. “302 అని ఉన్నది గదా” అన్నందుకు, “ఇంటి నంబరు ఇంటికి, పేరు మనిషికి. మీ ఇంట్లో మీరొక్కరే ఉన్నారా? అద్దెకు దిగినవాళ్ళలో చిన్నబావ ఎవడైనా ఉంటే, రేపు వాడొచ్చి నా కాలరు పట్టుకోడూ?” అని, నేను చిన్నబావననుటకు తహసీలుదారుగారి వద్దనుండి కుటుంబ సభ్యుల ధ్రువపత్రమైన తెచ్చుట మంచిదని సలహా ఇచ్చిరి. ఈ మహాసామ్రాజ్యమున నా వ్రేలిముద్రలు, కనుపాపలు కూడ సర్కారువారి వద్ద భద్రముగానున్నవి గాని, నేనొకరికి చిన్నబావననుటకు మాత్రము ఎచ్చటను దాఖలా లేదు.

నేను సహనము కోల్పోయి, పరుల సొత్తును దురుద్దేశముతో ఉంచుకొనుట భారతీయ న్యాయసంహిత 314వ సెక్షను క్రింద నేరమనియు, ఆరు నెలలకు తక్కువ కాని కారాగారవాసము రెండేండ్లదాక సాగవచ్చుననియు నాకు తెలిసిన ముక్క ఉచ్చరించితిని. ఆయన ముఖమున, చిరకాలమునకు స్వభాష వినిన ప్రవాసాంధ్రుని ఆనందము వెల్లివిరిసినది. “అంటే పాత 403! 2024 జులై ఒకటి నుంచి నంబరు మారింది. కూర్చోండి మాస్టారూ, కూర్చోండి. దురుద్దేశం అన్నారు కదా, దొంగ ఎవడైనా పద్దు రాస్తాడా?” అని లోపలినుండి ఒక పొడుగాటి లెక్కల పుస్తకమును తెప్పించిరి. అందు నా పెట్టె వచ్చిన తేదీ, వేళ, తెచ్చినవాని ఆనవాళ్ళు, పెట్టె పొడవు వెడల్పులు, అతికిన టేపు రంగు, ఒక మూల సొట్ట సహా లిఖింపబడి యున్నవి. డిజిపిన్ మరచిన ఎత్తును సైతము ఆయన మరువలేదు.

ఆ తరువాత నాకు 1872 నాటి కాంట్రాక్టు చట్టమున పాఠము నడచెను. 71వ సెక్షను ప్రకారము ఒకరి సొత్తు దొరికి దానిని స్వాధీనమునందుంచుకొన్న వానికి, నమ్మి అప్పగింపబడిన వస్తువును కాచువానికెంత బాధ్యతయో అంత బాధ్యత కలదు. 168 ప్రకారము, అట్లు కాచుటలో పడిన శ్రమకును ఖర్చునకును అతడు దావా వేయజాలడు గాని, ఆ పైకము ముట్టువరకు వస్తువును తన యొద్ద అట్టిపెట్టుకొనవచ్చును. ఇంతవరకు విని నేను జేబు తడుముకొనుచుండగా, ఆయన వ్రేలెత్తి, “169 కూడా వినండి” అనిరి. వస్తువు చెడిపోవు స్థితిలోనున్నను, కాచినవాని ఖర్చులు వస్తువు విలువలో మూడింట రెండు వంతులకు చేరినను, సొంతదారు పత్తా లేనప్పుడో, అడిగినను ఆ ఖర్చులీయ నిరాకరించినప్పుడో, దానిని అమ్మివేయుటకు కూడ హక్కున్నదట.

“పెట్టె విలువెంత?” అని అడిగిరి. ఇది ధర్మసంకటము. తక్కువ చెప్పినచో ఖర్చులు వెంటనే మూడింట రెండు వంతులను ముట్టుకొనును. ఎక్కువ చెప్పినచో అంత విలువగల వస్తువును కాచినందుకు శ్రమఫలము అంతకంతకు పెరుగును. నేను “బంధువులు పంపినది, వెల తెలియదు” అంటిని. “వెల తెలియని వస్తువా! అమూల్యం,” అని ఆయన వ్రాసికొనిరి.

మా భవన సంఘమునకు మొరపెట్టుకొన్న వైనము విపులముగా వ్రాయనక్కరలేదు. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము మెట్లు, లిఫ్టు, పైకప్పు మొదలగు ఉమ్మడి ఆస్తులను గూర్చి చెప్పినది గాని పూతరేకులను గూర్చి చెప్పలేదని కార్యదర్శిగారు విచారము వెలిబుచ్చిరి. ఆయన మోటారు వేయు వేళలు కూడ పై అంతస్తు అనుగ్రహము మీదనే ఆధారపడియున్నవి, ఆయనను తప్పుపట్టరాదు.

నిజము చెప్పవలెనన్న, శిరస్తాదారుగారి మీద నాకు కోపము చల్లారి ఒక విధమగు గౌరవము కలిగినది. పంపినవాడు పంపితిననును, తెచ్చినవాడు ఇచ్చితిననును, కంపెనీ అందినదనును, ఉపగ్రహము అంతా ఒకటే అనును. ఇందరిలో నా పెట్టె నా యొద్ద లేదని ఒప్పుకొని, అది ఎక్కడున్నదో తేదీతో సహా చెప్పగలిగిన మనిషి ఆయన యొక్కడే. ఇవ్వడు, అది వేరు.

తుదకు మా బావమరిది వీడియో కాలులో అగపడి, “చిన్నబావగారూ!” అని నన్ను నోరార పిలిచి సాక్ష్యమిచ్చెను. దానిని ఆయన మౌఖిక సాక్ష్యముగా నమోదు చేసి, ఖర్చుల క్రింద నేనిచ్చిన పైకమునకు రసీదు వ్రాసి, మా ఆవిడను, వాచ్‌మన్‌ను పంచులుగా నిలిపి, పెట్టెను తనిఖీ నిమిత్తము భోజనపు బల్ల మీదికి తెప్పించిరి. అది ఫ్రిజ్జులోనుండి వచ్చినది. చెడిపోవు వస్తువని ఎంచి, కాంట్రాక్టు చట్టమును అనుసరించి, ఆయన దానిని చలువలో భద్రపరచిరి! పూతరేకునకు చెమ్మ ఎంతటి శత్రువో 1872లో చట్టము చేసినవారికి తెలియదు. పై వరుస మెత్తబడి ఒకదానికొకటి అంటుకొని, నేయి తెల్లగా పేరుకొని, రేకులన్న ఆకారమే లేక ఒక్క ముద్దగా నున్నది. అడుగు వరుస కొంత నయము.

ఆయన ఆ ముద్దను చెంచాతో కదిపి, “నష్టవస్తువు” అని తీర్మానించి, పుస్తకమున కొట్టివేసిరి. కొట్టివేసిన దానిని పారవేయుట దుబారా గదా, ఒక ముక్క తాను నోట వేసికొని, కనులు మూసి, “మా తాతగారి ఊరు కూడా అటువైపేనండోయ్!” అనిరి. వారి ఆవిడ రెండు స్టీలు పళ్ళెములు తెచ్చెను. ఆయన అడుగు వరుసలోనుండి నిక్షేపముగానున్న రెండు రేకులను ఏరి, ఒక పళ్ళెములో పెట్టి, చేయి చాపి నా ముందుకు త్రోసి, ఇన్నాళ్ళ ఇరుగుపొరుగున నేనెన్నడును విని యెరుగని ఆప్యాయతతో, “తీసుకోండి మాస్టారూ, మొహమాటం దేనికి? మీవే అనుకోండి!” అనిరి.