గొడుగు ఎంచుకోండి, హాయిగా ఉండండి: ఫోటోగ్రాఫర్లకు 12 చిట్కాలు

స్టూడియో తెరిచారు. పెళ్లి ఆర్డర్లు ఒప్పుకున్నారు. ఇక ఫ్లాష్ లైటు మెత్తబడాలంటే దానికి ఏదో ఒకటి తగిలించాలి. సాఫ్ట్‌బాక్సు జోలికి పోకండి. దానికి చువ్వలు దూర్చాలి, గుడ్డ లాగి బిగించాలి, ముందు తెర అతికించాలి. ఈలోపు విడిదింట్లో టిఫిన్లు అయిపోతాయి. గొడుగైతే టప్పున తెరుచుకుంటుంది, టప్పున మూసుకుంటుంది, చంకలో పెట్టుకుని బయటపడొచ్చు.

ఫోటోగ్రాఫర్ నడుము నొప్పి పెట్టకూడదు, మధ్యాహ్నం కునుకు చెడకూడదు, జేబు ఖాళీ కాకూడదు. ఈ మూడింటినీ కాపాడేదే మంచి గొడుగు. మొహాలు బాగా పడాలన్న పట్టింపు ఉన్నవాళ్లు అర్ధరాత్రి ముహూర్తానికి కూడా స్టాండ్లు మోస్తూనే ఉన్నారు. ఆ దారి మనకొద్దు. కింది చిట్కాలు వరుసగా పాటించండి.

1. ముందు సాకు చూసుకోండి, తర్వాత గొడుగు కొనండి.

గొడుగులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది తెల్లటి షూట్‌త్రూ. లైటు గుడ్డలోంచి దాటి మనిషి మీద పడుతుంది. రెండోది లోపల వెండిరంగు, బయట నలుపు. ఫ్లాష్‌ను మనిషికి ఎదురుగా కాకుండా గొడుగులోకి తిప్పితే, లైటు లోపల తగిలి తిరిగొస్తుంది. మూడోది లోపల తెలుపు, బయట నలుపు. పద్ధతి అదే, లైటు మాత్రం ఇంకాస్త మెత్తగా, ఇంకాస్త తక్కువగా వస్తుంది. కొనేముందు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఫోటో పాడైతే తప్పు ఎవరి మీదికి తోసేయొచ్చు? షూట్‌త్రూ అయితే గది గోడల మీదికి. వెండిదైతే పెళ్లికూతురి మేకప్ మీదికి. తెల్లదైతే హాల్లో కరెంటు మీదికి. ఆడలేనివాడికి మద్దెల ఎలాగూ ఓడే. తెలివైనవాడు ఓటి మద్దెలను ముందే కొని పెట్టుకుంటాడు.

2. అన్నిటికంటే చిన్నది తీసుకోండి.

33 అంగుళాలు, 43, 60, ఇలా 7 అడుగుల దాకా దొరుకుతాయి. మీరు 33 దగ్గరే ఆగండి. స్కూటీ మీద కాళ్ల దగ్గర పడుతుంది, ఆటో ఖర్చు మిగులుతుంది. లైటు మెత్తదనమంతా మనిషి నిలబడ్డ చోటు నుంచి గొడుగు ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది. 60 అంగుళాలది దగ్గరగా పెడితే నీడల అంచులు కరిగిపోతాయి, బుగ్గలు నున్నగా వస్తాయి. అలా వస్తే ఇక పెళ్లివారు ఊరుకుంటారా? ప్రతి చుట్టానికీ విడిగా ఒకటి తీయమంటారు. చిన్న గొడుగు దూరంగా పెడితే ముక్కు నీడ పెదవి దాకా గీసినట్టు పడుతుంది. రెండో ఫోటో ఎవరూ అడగరు.

3. స్టాండును ఒక మూల నిలబెట్టి మర్చిపోండి.

గొడుగు అడ్డం కొలత ఎంతో, మనిషికి దాని దూరం కూడా దాదాపు అంతే ఉండాలని నేర్పుతారు. ఆ లెక్కన మనుషులు మారినప్పుడల్లా స్టాండు జరుపుతూ ఉండాలి. ఎందుకొచ్చిన తిప్పలు? దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే రెండు స్టాపులు. పడిపోనివ్వండి. కెమెరాలో ఐఎస్‌ఓ 6400కి తిప్పండి. వేలుతో అయ్యే పనికి కాళ్లెందుకు అరగదీయాలి? ఫోటోలో గరుకు కనిపిస్తే ‘పాత రీలు లుక్’ అని చెప్పి, దానికి విడిగా ఛార్జి వేయండి.

4. ఎండాకాలం ముహూర్తాలకు వెండి గొడుగే పట్టండి.

వెండిరంగు లోపలి గొడుగు లైటును ఎక్కువగా, గట్టిగా తిప్పి కొడుతుంది. మెరిసే చోటల్లా ఇంకా మెరిపిస్తుంది. మే నెలలో, హోమం పొగలో, పట్టుచీర బరువులో పెళ్లికూతురి నుదురు ఎలాగూ చెమట పట్టి ఉంటుంది. వెండి గొడుగు ఆ నుదుటి మీద తెల్లటి మచ్చ వేస్తుంది. కాసులపేరు, వడ్డాణం, జరీ అంచు అన్నీ ఒకే తెలుపుగా పేలిపోతాయి. నగిషీ ఏదీ కనపడదు. ఇది మీకు లాభమే. నగ కనపడకపోతే దగ్గర నుంచి తీయమని అడగరు. అడిగితే, “అమ్మా, మేకప్ ఆవిడ పౌడరు సరిగ్గా అద్దలేదు” అనండి. ఆవిడ అప్పటికే డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది.

5. పసుపు ఫంక్షన్‌కు బంగారు రంగు గొడుగు తీసుకెళ్లండి.

లోపల బంగారు పూత ఉన్న గొడుగు లైటును పసుపు ఛాయకు తిప్పుతుంది. మంగళస్నానం రోజున మనుషులే పసుపు, బట్టలు పసుపు, బంతిపూల అలంకరణ పసుపు. దాని మీద ఇంకో పసుపు వేస్తే ఏది చెంపో ఏది చీరో తేడా తెలియదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలోనే వదిలేయండి. ఒక ఫోటో ఒకలా, మరొకటి ఇంకోలా వస్తుంది. అదే వైవిధ్యం. పెళ్లికొడుకు తెల్ల పంచె నారింజ రంగులోకి పోయిందని ఎవరైనా అంటే, పసుపు శుభమని గుర్తు చేయండి. శుభాన్ని కాదనే చుట్టం ఎవరూ ఉండరు.

6. రంగు గోడల గదిలో షూట్‌త్రూ తెరవండి.

షూట్‌త్రూ లైటులో కొంతే ముందుకు పోతుంది. మిగతాది గుడ్డకు తగిలి వెనక్కి చిమ్మి గోడలకూ కప్పుకూ తాకుతుంది. గోడ చిలకాకుపచ్చదైతే ఆ పచ్చదనం మొహం మీదికి దిగుతుంది. గులాబీ రంగుదైతే చెవులు గులాబీ అవుతాయి. ఇలాంటి గదుల కోసమే నల్ల తొడుగు ఉన్న గొడుగులు అమ్ముతారు. తొడుగు వేస్తే లైటు వెనక్కి చిమ్మదు, తీస్తే షూట్‌త్రూగా పనికొస్తుంది. మీరూ అలాంటిదే కొనండి, కానీ తొడుగును బండి సీటు మీద కప్పుకోండి. ఎండకు సీటు కాలదు. ఫోటో రంగు గురించి గొడవొస్తే గోడ వైపు చూపించి, “ఈ రంగు ఎవరు వేయమన్నారు సార్?” అని అడగండి. ఇంటాయన భార్య వైపు చూస్తాడు. అక్కడితో మీ పేరు చర్చలోంచి తొలగిపోతుంది.

7. ఫ్లాష్ జూమ్ 200 దగ్గరే ఉంచండి.

చిన్న ఫ్లాష్ తలలో జూమ్ ఉంటుంది. 24 మిల్లీమీటర్లకో అంతకంటే వెడల్పుకో తెచ్చి, గొడుగు కాడను ముందుకీ వెనక్కీ జరిపితే లైటు గొడుగంతా నిండుతుంది. 200 దగ్గర ఉంచితే నడిమధ్యలో ఒక గుండ్రటి మచ్చ మాత్రమే వెలుగుతుంది, చుట్టూ గుడ్డంతా ఖాళీ. దీనివల్ల ఎంతో మేలు. ఎవరినైనా అడిగి తెచ్చిన 60 అంగుళాల గొడుగు చూసి పెళ్లివారికి నమ్మకం కుదురుతుంది, మీకేమో చిన్న గొడుగు పనితోనే సరిపోతుంది. కాడ సంగతి కూడా వదిలేయండి. చాలా గొడుగుల కాడ 8 మిల్లీమీటర్లు, కొన్ని కంపెనీల లైట్లకు రంధ్రం 7 మిల్లీమీటర్లే. కొనేముందు కొలవకండి. దూరకపోతే సెల్లోటేపుతో చుట్టండి. మధ్యలో ఊడితే టేపు కంపెనీని తిట్టండి.

8. కళ్లజోడు ఉన్నవాళ్లను కళ్లజోడు తీసేయమనండి.

గొడుగు మొహానికి సూటిగా, కళ్ల ఎత్తులో ఉంటే రెండు అద్దాల్లోనూ తెల్లటి బిళ్లలు పడతాయి. స్టాండు పైకి లేపినా, పక్కకు జరిపినా ఆ మెరుపు కెమెరాను తప్పించుకుంటుంది. కానీ స్టాండు లేపాలంటే మరలు వదులు చేయాలి, మళ్లీ బిగించాలి. “బాబాయ్ గారూ, ఒక్క నిమిషం ఆ అద్దాలు తీసేయండి” అంటే పని అయిపోతుంది. 40 ఏళ్లుగా కళ్లజోడుతో బతికిన మనిషి ఆల్బంలో వేరే మనిషిలా, ముక్కు మీద గాడితో కనిపిస్తాడు. మనవలు ఎవరీయన అని అడుగుతారు. ఆయన తీయనని మొండికేస్తే మెరుపుతోనే తీసి, మంచి కోటింగ్ ఉన్న అద్దాలు కొనుక్కోమని సలహా ఇవ్వండి.

9. గ్రూప్ ఫోటోకు ఒకటే గొడుగు, అదీ బిల్లు కట్టేవాళ్ల పక్కన.

వేదిక మీద రెండు కుటుంబాలూ వరుసగా నిలబడతాయి. రెండు గొడుగులు రెండు వైపులా పెట్టాలనీ, ఒకటే ఉంటే దాన్ని వెనక్కి జరిపి, దూరంగా ఉన్న కొసవైపు తిప్పి పెట్టాలనీ చాదస్తులు చెబుతారు. గొడుగు మొదటి మనిషికి మీటరున్నర దూరంలో, చివరి మనిషికి 6 మీటర్ల దూరంలో ఉంటే, చివరాయన మీద పడేది పదహారో వంతు వెలుగు. నాలుగు స్టాపుల తేడా. దీన్ని తెలివిగా వాడుకోండి. డబ్బు ఆడపెళ్లివారు ఇస్తుంటే గొడుగు వాళ్ల వైపు, మగపెళ్లివారు ఇస్తుంటే ఇటువైపు. కట్టేవాళ్లు వెలిగిపోతారు, అవతలివాళ్లు చీకట్లో ఉంటారు. ఆల్బం చూశాక వియ్యాలవారి మధ్య మాటలు ఆగిపోవచ్చు. అది వాళ్లింటి విషయం.

10. పాస్‌పోర్ట్ ఫోటోకు మనిషిని తెరకు ఆనించి నిలబెట్టండి.

పాస్‌పోర్ట్ ఫోటోలో మొహం మీదగానీ వెనక తెర మీదగానీ నీడ పడకూడదు. మనిషి తెరకు దూరంగా ఉండి, రెండు వైపుల నుంచీ సమానంగా లైటు పడితే నీడ మాయమవుతుంది. అలా చేస్తే ఫోటో ఒక్కసారికే ఒప్పుకుంటారు, ఆ కస్టమర్ ముఖం మళ్లీ కనపడదు. వీపు తెరకు ఆనించి, ఒక్క గొడుగు ఒక పక్క నుంచి వేయండి. చెవి వెనక నల్లటి నీడ పడుతుంది. అక్కడ తిప్పి పంపుతారు, మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు, మళ్లీ డబ్బిస్తాడు. మూడోసారి వీధి చివరి స్టూడియోకు వెళితే పోనివ్వండి. రెండుసార్లు మీకు దక్కింది.

11. ప్రీ-వెడ్డింగ్‌కు రుషికొండ బీచ్, మిట్టమధ్యాహ్నం, 7 అడుగుల గొడుగు.

తెల్లవారుజామున వెళితే ఎండ మెత్తగా ఉంటుంది, కానీ నిద్ర లేవాలి. మధ్యాహ్నం వెళ్లండి. ఆ ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టరు 1/200 పెడితే అపర్చరు ఎఫ్/11 దాకా వెళ్తుంది. చిన్న ఫ్లాష్‌లో సగానికి పైగా బలాన్ని గొడుగే మింగేస్తుంది, మిగిలింది సూర్యుడి ముందు ఆనదు. హై స్పీడ్ సింక్ పెడితే ఫ్లాష్ బలం ఇంకా తగ్గుతుంది. అయినా వెలిగించండి. జంటకు ఫ్లాష్ మెరిసిందన్న తృప్తి కావాలి, మెరిసింది. ఇక అడిగి తెచ్చిన ఆ 7 అడుగుల గొడుగు సముద్రపు గాలికి తెరచాపలా నిండుతుంది. స్టాండు కాళ్ల మీద ఇసుక సంచులు వేయాలంటారు. చుట్టూ ఇసుకే, సంచి కూడా మీ దగ్గరే ఉంది, నింపడం మాత్రం మీ పని కాదు. స్టాండు పట్టుకోవాల్సిన కుర్రాణ్ని టీకి పంపండి. గొడుగు ఎగిరి లైటు బద్దలైతే, ప్రకృతి వైపరీత్యమని రాసి బిల్లులో కలపండి.

12. తడిసిన గొడుగును తడిగానే మడవండి.

ఆరబెట్టడం, గుడ్డ తుడవడం, సంచిలో పెట్టడం, ఇవన్నీ గొడుగుకు సేవలు. మీరు గొడుగుకు సేవకులు కారు. వాన వస్తే అదే పట్టుకుని వెళ్లండి. ఉప్పుగాలి తగిలిన చువ్వలు తుప్పు పట్టి గుడ్డ మీద గోధుమ రంగు చారలు వేస్తాయి. తెల్లగుడ్డ కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. అప్పుడు ఐదో చిట్కాలోని బంగారు గొడుగు మీకు పైసా ఖర్చు లేకుండా వచ్చినట్టే. ఒక చువ్వ విరిగితే ఆ వైపు పెళ్లివారికి కనపడకుండా తిప్పండి. రెండు విరిగితే ‘ఒక్కసారే వాడాం’ అని రాసి అమ్మకానికి పెట్టండి.

ఈ పన్నెండూ ఒక సీజన్ నిష్ఠగా పాటించినవాళ్లకు ఫలితం తప్పదు. మాఘంలో ఫోన్లు తగ్గుతాయి. వైశాఖంలో బ్యాలెన్స్ డబ్బుల గురించి అడగడం మీరే మానేస్తారు, ఎందుకంటే అటునుంచి ఎవరూ ఎత్తరు. శ్రావణం వచ్చేసరికి మీ ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఇంకొకరు తీస్తుంటారు. స్టాండ్లు మొయ్యాల్సిన పని లేదు, అర్ధరాత్రి ముహూర్తాల జాగారం లేదు, ఆల్బం ఎప్పుడిస్తారని అడిగే మేనమామలు లేరు. ఆషాఢంలో ఫోటోగ్రాఫర్లందరికీ దొరికే ఆ నెల విశ్రాంతి మీకు ఏడాది పొడవునా దొరుకుతుంది. ఇవాళే వెళ్లి 33 అంగుళాల గొడుగు కొనుక్కోండి. బేరం మాత్రం గట్టిగా ఆడండి.