జేబులో ఉల్లిపాయ

మాది బెజవాడ. ఇక్కడి ఎండలు చూసి తెల్లదొరలు బ్లేజ్‌వాడ అన్నారని ఓ కథ. నిజమో కాదో గానీ, మే నెల మధ్యాహ్నం మా ఇంట్లో కుళాయి తిప్పినవాడెవడూ కాదనడు. ఇలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఎండ గురించి ఒకరు చెప్పాలా అన్నది నా ధీమా. ఆ ధీమాకి మా ఆవిడ వేరే పేరు పెట్టింది. అదిక్కడ రాయను.

ముందు కూలరు సంగతి ఒప్పేసుకుంటాను. కొన్న రోజే తలుపులూ కిటికీలూ బిగించి, సందుల్లో పాత లుంగీలు కుక్కాను, చల్లదనం రవ్వంత కూడా వీధిపాలు కాకూడదని. గంటకల్లా గది ఇడ్లీపాత్ర అయింది. గోడమీది క్యాలెండరు మెత్తబడి వంగింది. దిండు గలీబు చెంపకి అతుక్కుంది. నేను షాపువాడికి ఫోను చేసి కేకలేస్తుంటే మా ఆవిడ లుంగీలు లాగిపారేసి కిటికీ తెరిచింది. కాసేపటికి ప్రాణం లేచొచ్చింది. కూలరు చేసేదల్లా తడిగడ్డిలోంచి గాలిని లాగడమే. నీళ్లు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని తినేస్తాయి. తేమ పట్టిన గాలి బయటికి పోయే దారి లేకపోతే ఇంక ఆవిరయ్యేదేముంది, ఒంటిమీద చెమట ఆరేదేముంది? డిగ్రీలో ఫిజిక్సు చదివింది నేను. ఆవిడది తెలుగు.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"రోజూ ఇడ్లీలు పెడుతున్నాను కదండీ."

తర్వాత రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఆ ఎండలో, ఒంటిగంటకి, తాటిముంజలకని బయల్దేరాను. సాయంత్రానికి లేతవి మిగలవు మరి. గొడుగు పట్టుకెళ్లమంటే నవ్వాను. వానలేకుండా గొడుగేసుకోవడం మగాడికి నామోషీ అని నా నమ్మకం. నీళ్లసీసా బరువన్నాను. అయినా మా నాయనమ్మ చెప్పిన కవచం ఉందిగా, లాల్చీ జేబులో ఉల్లిపాయ!

తిరుగుదారిలో కళ్లు బైర్లు కమ్మి, ముంజల సంచీతో సహా ఓ మందుల షాపు అరుగుమీద కూలబడ్డాను. కుర్రాడు నీడలోకి జరిపి, మెడమీద తడిగుడ్డ వేసి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపాడు. ఆ స్థితిలోనూ ఊరుకున్నానా? "సగం నీళ్లలోనే చిక్కగా కలపవోయ్, తొందరగా పనిచేస్తుంది" అన్నాను.

"చిక్కనైతే ఒంట్లో ఉన్న నీళ్లనే పేగుల్లోకి లాగేస్తుంది తాతగారూ. మీ మాట బానే సాగుతోంది కాబట్టి సరిపోయింది. తడబడుంటే 108కి ఫోను కొట్టేవాణ్ణి."

ఎండదెబ్బ కన్నా ఆ 'తాతగారూ' గట్టిగా తగిలింది.

ఇంటికి చేరాక విచారణ.

"గొడుగేదీ?"

"తీసుకెళ్లలేదు."

"నీళ్లు?"

"లేవు."

"మరేం పట్టుకెళ్లారు?"

జేబులోంచి ఉల్లిపాయ తీసి చేతిలో పెట్టాను. అది నా చెమటతో తడిసి ఉంది. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, పొట్టు వలిచి కడిగి, సన్నగా తరిగి, ఉప్పేసిన పల్చటి మజ్జిగన్నంలో కలిపి తెచ్చింది. రెండు గిన్నెలు తిన్నాను. ఒళ్లు తేలికపడింది.

మా నాయనమ్మ ఉల్లిపాయని జేబులో పెట్టుకోమందో, తినమందో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు రావడంలేదు.