ఇంకో మూడు నెలలు ఆగుదాం బావా

మా ఆవిడ తమ్ముడు కంప్యూటర్ కొంటున్నాడు. 2020 చివర్లో మొదలుపెట్టాడు, ఇంకా కొంటూనే ఉన్నాడు.

కొట్లో రెడీగా దొరికేది కాదు లెండి. ప్రాసెసర్ ఒక కంపెనీది, మదర్‌బోర్డు ఇంకో కంపెనీది, గ్రాఫిక్స్ కార్డు మరొకరిది. అన్నీ విడివిడిగా ఎంచి, పోల్చి, తెచ్చి, ఇంట్లో తన చేత్తో బిగించుకోవాలి. పెట్టెతో సహా తయారుగా దొరికేది కొన్నవాళ్ళని చూస్తే వాడికి జాలి. "లోపల కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ ఏది పెట్టాడో కొట్టువాణ్ణి అడుగు బావా, నోరు విప్పడు" అంటాడు.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. ఉద్యోగం ఏదైనా కావచ్చు, మావాడిది బ్యాంకులో లోన్ల సీటు. ఫోన్ తెరిస్తే ముప్ఫై ట్యాబులుంటాయి, ముప్ఫైలోనూ బార్ గ్రాఫులే. ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. దాని పేరు మొదట "ఫైనల్", తర్వాత "ఫైనల్ కొత్తది", ఇప్పుడు "ఇదే ఫైనల్". పెళ్ళిలో పక్కన కూర్చుంటే పెళ్ళికొడుకు ఏం చేస్తుంటాడో చెప్పడు, ఏ ప్రాసెసర్‌కి ఎల్3 క్యాష్ ఎంతో చెబుతాడు.

వాణ్ణి మంచానికి అడ్డం పడేసినవి ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్లు. రెండిటికీ కోర్లు ఆరే, థ్రెడ్లు పన్నెండే. రైజెన్‌కి ఎల్3 క్యాష్ 32 ఎంబీ, ఇంటెల్‌కి 18. "ఇంకేం, రైజెన్ తీసుకో" అన్నాను. "దాని సాకెట్ 2017 నాటిది బావా, మొదటి రైజెన్ వచ్చినప్పటిది, రేపు పైకి వెళ్ళాలంటే దారి లేదు" అన్నాడు. "అయితే ఇంటెల్ తీసుకో." "వాళ్ళు రెండు మూడు తరాలకోసారి సాకెట్ మార్చేస్తారు, బోర్డు పారేసుకోవాలి." ఈ సంభాషణ రాత్రి పదకొండింటికి, మా వీధి గేటు దగ్గర, వాడు బండి స్టార్ట్ చేసిన తర్వాత జరిగింది. పెట్రోలు కాలుతూనే ఉంది. ఒకటి 140 ఫ్రేములిచ్చే ఆటలో ఇంకొకటి 145 ఇస్తుందట. వాడి దగ్గరున్న మానిటర్ సెకనుకి చూపించేది 60. పైగా వాడు నిజంగా ఆడే ఆట ఒక్కటే, 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. అది ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే హాయిగా నడుస్తోంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, వాడు ఆగిన ప్రతిసారీ ఆగడానికి కారణం ఉంది. 2021లో గ్రాఫిక్స్ కార్డులన్నీ క్రిప్టో తవ్వకానికి పోయి, మిగిలినవి రెట్టింపు ధర పలికాయి. అప్పుడు కొనేవాడు వెర్రివాడే. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో పద్ధతి మార్చి, కార్డులతో తవ్వడం ఆపేసింది. పాత కార్డులు చవగ్గా బజార్లోకి వచ్చిపడ్డాయి. "ఏడాదిపాటు రాత్రింబవళ్ళు మండిన కార్డు బావా, ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. అదీ సబబే. 2024లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజీ తాగి పాడవుతున్నాయని తేలింది. కంపెనీ మైక్రోకోడ్ సరిచేసి, వారంటీ రెండేళ్ళు పొడిగించాల్సి వచ్చింది. సరిగ్గా ఆ ముందు నెలే వాడు వాటిలో ఒకటి కొనబోయి ఆగాడు. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంటికి స్వీటు పట్టుకొచ్చాడు! కొనకపోయినందుకు స్వీటు పంచిన మనిషిని నేను వేరే చూడలేదు.

2025 జనవరిలో ఎన్‌విడియా 50 సిరీస్ ప్రకటించింది. మధ్యరకం 5070 కార్డు, అంతకుముందు అన్నిటికన్నా ఖరీదైన 4090తో సమానమని వేదిక మీద చెప్పారు. దాని వెనక ఏఐ లెక్క ఉంది. కార్డు ఒక ఫ్రేము నిజంగా గీస్తుంది, తర్వాతి మూడు ఊహించి పెడుతుంది. మావాడు ఆ రాత్రి నిద్రపోలేదు. ఊహించిన ఫ్రేమును ఫ్రేమనొచ్చా అన్నది వాడి బాధ. వాడి భార్య పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, పెళ్ళిచూపులకి ఒక్క మా ఇంటికే వచ్చి, కాఫీ తాగి, ఊఁ అనేశారీయన. అప్పటికి ఈ జబ్బు రాలేదు కాబట్టి బతికిపోయాను."

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి, వాడితో వెళ్ళడం ఒక అనుభవం. కింది నుంచి పైకి ప్రతి కొట్టూ ఎక్కుతాడు, ప్రతి కొట్లోనూ కొటేషన్ రాయించుకుంటాడు, ఒక కొట్టు కాగితం ఇంకో కొట్లో చూపిస్తాడు. "ఇందులో జీఎస్టీ కలిపారా?" అని ఒకసారి, "బిల్లు వద్దంటే ఎంత?" అని ఒకసారి అడిగి, "వద్దులెండి, బిల్లు లేకపోతే వారంటీ రాదు" అని తనే తీర్పు చెబుతాడు. లోన్ల సీటు అలవాటు. కిందటిసారి మమ్మల్ని చూడగానే కౌంటర్ వెనక కుర్రాడు కాలిక్యులేటర్ పక్కకి తోసి, "అన్నా, ఈసారి ఏది మారింది?" అన్నాడు. ఎస్ఎంపీఎస్ మారిందన్నాడు మావాడు. బ్రాంజ్ నుంచి గోల్డుకి.

మా మామగారికి ఓసారి బాటిల్‌నెక్ గురించి పాఠం చెప్పాడు. "నాన్నా, పెళ్ళి భోజనాలనుకో. ప్రాసెసర్ వంటవాడు, గ్రాఫిక్స్ కార్డు వడ్డించేవాళ్ళు. వంటవాడు నిదానస్తుడైతే పదిమంది వడ్డించేవాళ్ళున్నా బంతి కదలదు. వంట సిద్ధంగా ఉండి వడ్డించేవాడు ఒక్కడే అయినా అంతే. ఇద్దరూ సరితూగాలి."

మామగారు శ్రద్ధగా విని, "బాగానే ఉందిరా. ఆకు ముందు కూర్చుని ఐదేళ్ళయింది, నీళ్ళన్నా చల్లుతారేమోనని చూస్తున్నాం" అన్నారు.

ఇక్కడ మీకు వాడి గురించి వేరే విషయం చెప్పాలి, లేకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఎదుటివాడి డబ్బయితే వీడంత చురుకైనవాడు లేడు. మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుకి 2023లో సిస్టమ్ కావలసి వచ్చింది. "మామయ్యా, బ్లెండర్‌లో రెండర్ చెయ్యాలి, బడ్జెట్ ఇదీ" అంది. టీ చల్లారేలోపు తేల్చేశాడు. ప్రాసెసర్ ఐ5 13400ఎఫ్. ఆ ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, ధర తగ్గుతుంది, కార్డు ఎలాగూ పెడుతున్నాం. కార్డు దగ్గర కొట్టువాడు అప్పుడే వచ్చిన 4060 చూపించాడు. కొత్తది, వేగం ఎక్కువ, కరెంటు 115 వాట్లే. మావాడు ఒప్పుకోలేదు. దాని మెమరీ 8 జీబీ, పాత 3060కి 12. "ఆటలాడేవాడికి అదిచ్చుకో. ఈ పిల్ల బిల్డింగు మొత్తం చెట్లతో, అద్దాలతో రెండర్ చేస్తుంది. ఆ సీను కార్డు మెమరీలో పట్టకపోతే వేగం ఉండి ఏం లాభం?" అన్నాడు. కొట్టువాడు మారు మాట్లాడకుండా 3060 తీశాడు. మా అమ్మాయి చదువంతా దాని మీదే గడుస్తోంది, ఒక్కరోజు మొరాయించలేదు.

బిగించిన రోజు వాణ్ణి చూడాలి. భోజనాల బల్ల తుడిపించి, ఫ్యాన్ ఆపించి, స్క్రూలన్నీ మా అత్తగారి మాత్రల డబ్బాలో వారాల గదుల వారీగా సర్దుకున్నాడు. సాకెట్ మీది కడ్డీ ఎత్తి, ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, మూల మీది చిన్న త్రికోణం గుర్తు చూసి దించాడు. నొక్కలేదు, దానంతటదే కూర్చునేలా వదిలాడు. థర్మల్ పేస్టు శనగగింజంత వేసి, కూలర్ నాలుగు పిన్నులూ ఎదురెదురుగా నొక్కాడు. మా అమ్మాయికి ప్రతిదీ చూపించి, ర్యామ్ దాని చేతే పెట్టించాడు. క్లిక్ మని చప్పుడు రాగానే ఇద్దరూ నవ్వారు. అంత ఓపిక వాడిలో ఉందని నాకు అంతవరకు తెలియదు. మూడు గంటల పని, తీగలన్నీ వెనక్కి లాగి ప్లాస్టిక్ ట్యాగులు కట్టి, మూత బిగించి లేచాడు. అప్పుడు బల్ల మీద ఒక రేకు ముక్క కనిపించింది. బోర్డు వెనక పోర్టుల చుట్టూ పెట్టే ఐఓ షీల్డు. అది బోర్డు కన్నా ముందు పెట్టాలి. లెక్కలన్నీ నోటికొచ్చినవాడు ఒక్క మాట అనకుండా మళ్ళీ కూర్చుని, కట్టిన ట్యాగులన్నీ కత్తిరించాడు.

ఆ సాంగత్యదోషం నాకూ తగిలింది. నాకు కంప్యూటర్ అక్కర్లేదు, ఉన్న ల్యాప్‌టాప్‌లో కరెంటు బిల్లు కడతాను, అంతే. అయినా మొన్నొక రాత్రి ఒంటిగంటకి ఆర్ఎక్స్ 7600కీ 4060కీ తేడా ఏమిటో చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఇద్దరయ్యారా?" అని లైటు తీసేసింది.

2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశాన్నంటాయి. ఏఐ డేటా సెంటర్లే మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతున్నాయి. ఐదేళ్ళు ఆగినందుకు ఇప్పుడు ఎక్కువ పెట్టి కొనాలి కదా అని, పాపం వాణ్ణి ఓదార్చబోయాను. వాడు ప్రశాంతంగా ఉన్నాడు. "రైజెన్ కొత్త సాకెట్ ఏఎం5కి 2027 దాకా, ఆ పైన కూడా, కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ వాళ్ళే చెప్పారు బావా. మనకి తొందరేముంది?" కొనేవాళ్ళకి ధైర్యంగా ఉండాలని కంపెనీ చెప్పిన మాట అది.

ఇన్నేళ్ళలో వాడు కొన్నది ఒక్క క్యాబినెట్. 2022 దసరా ఆఫర్లలో, పక్కన అద్దం, ముందు మూడు రంగుల ఫ్యాన్లతో. హాల్లో టీవీ పక్కన ఖాళీగా ఉండేది. మొన్న సంక్రాంతికి వాడి భార్య దాన్ని తుడిచి, లోపల మెట్లు అమర్చి, సీరియల్ బల్బులు చుట్టి బొమ్మల కొలువు పెట్టేసింది. పేరంటానికి వచ్చినవాళ్ళంతా ఎక్కడ చేయించారని అడిగారు. మావాడు చుట్టూ తిరిగి, వంగి, వెనకనుంచి కూడా చూశాడు. దశావతారాల సెట్టు సరిగ్గా ముందు ఫ్యాన్లకి అడ్డొస్తోంది, గాలి ఆడదు, ఓ రెండంగుళాలు వెనక్కి జరపమన్నాడు.