స్పీడ్ రీడింగ్ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
వేలు జరుపుకొనుచు వేగమ్ము హెచ్చింపు
పెదవి కదపఁబోకు పేజి తిప్పు
వెనుకచూపు వలదు విజయమ్ము నీదోయి
గంటలోన నొక్క గ్రంథ మగును

అవతారిక: తెల్లవారితే సెమిస్టరు పరీక్ష అనగా థర్మోడైనమిక్స్ పుస్తకం అట్ట విప్పిన ఇంజనీరింగ్ విద్యార్థికి, స్పీడ్ రీడింగ్ గురువు చేసిన ఉపదేశమిది. ‘ఓ అర్ధరాత్రి చదువరీ’ అని సంబోధనను అధ్యాహారం చేసుకోవాలి.

టీక:

వేలు జరుపుకొనుచు = చూపుడువేలును వరుస కింద నడిపిస్తూ. ఈ విద్యకు పేరు తెచ్చినది ఎవెలిన్ వుడ్ అనే అమెరికా ఉపాధ్యాయిని. 1959లో రీడింగ్ డైనమిక్స్ పేరుతో బడి పెట్టింది. జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవిలో ఉండగా నేర్చుకున్నాడు కనుక శిష్యగణం సామాన్యం కాదు. కంటికి మాత్రం వేలి సంగతి పట్టదు. అది వరుస మీద జారదు, గెంతుతుంది. గెంతుకూ గెంతుకూ నడుమ సెకనులో పావు వంతు ఆగుతుంది. చదివేది ఆ ఆగినప్పుడే. అప్పుడైనా స్పష్టంగా కనబడే మేర, చెయ్యి చాచి చూస్తే బొటనవేలి వెడల్పంత. పేజీ మొత్తాన్ని ఒక్క చూపున మింగమనే గురువులు ముందు ఆ బొటనవేలితో వాదించుకోవాలి.

వేగమ్ము = నిమిషానికి ఇన్ని మాటలనే లెక్కను. ఇంగ్లీషు చదివే పెద్దలకు మామూలుగా 200 నుంచి 300. సమీకరణాన్ని ఎన్ని మాటలుగా లెక్కించాలో మూలకర్త చెప్పలేదు.

పెదవి కదపఁబోకు = మనసులో కూడా పలకకుము. పెదవి అనడం లక్షణ; లోగొంతు అని గ్రహించేది. ఆ గొంతు నొక్కితే కష్టమైన వాక్యాలే ముందుగా అర్థం కాకుండా పోతాయి. ఎక్కాలు వల్లె వేసిన వాళ్లకు ఈ పాదం ఎలాగూ మింగుడుపడదు.

పేజి = పేజీని. దీర్ఘం పోయింది. వేగం హెచ్చితే మొదట జారిపోయేవి ఇలాంటి చిన్నవే. క్లాసియస్ చెప్పిన థర్మోడైనమిక్స్ రెండో నియమం చూడండి: చల్లని వస్తువు నుంచి వేడి వస్తువుకు ఉష్ణం తనంతట తాను ప్రవహించదు. ‘తనంతట తాను’ మీద నుంచి వేలు జారిందా, వంటింట్లో ఫ్రిజ్ రాత్రింబవళ్లు ఆ నియమాన్ని ధిక్కరిస్తున్నట్టే! నవలలో రెండు మాటలు పోతే సూర్యాస్తమయంలో కాస్త ఎరుపు తగ్గుతుంది. ఇక్కడ నియమమే అబద్ధమైపోతుంది.

వెనుకచూపు వలదు = చదివిన చోటికి మళ్లకుము. చదివేటప్పుడు కంటి కదలికల్లో నూటికి పది పదిహేను వెనక్కే. అందులో కొన్ని గురి తప్పిన గెంతులు. కొన్ని అర్థం జారిందని పసిగట్టి మళ్లినవి. పైగా ‘సమీకరణం 4.7 చూడుము’ అని పుస్తకమే వెనక్కి పొమ్మంటుంది. గురువాజ్ఞ ఒకటి, గ్రంథాజ్ఞ ఇంకొకటి. మార్కులు వేసేది గ్రంథం పక్షం వాళ్లు.

విజయమ్ము నీదోయి = యతి కోసం వేసినది.

గంటలోన = అరవై నిమిషాలలో. కొల్చారం వాడైన మల్లినాథసూరికి ఈ ఉపదేశం అంది ఉంటే కాళిదాసు మేఘదూతానికి సంజీవని వ్యాఖ్య రాసే శ్రమ తప్పేది. మేఘదూతం గంటలో అయిపోతుంది మరి.

అగును = ఏమగును? ‘పూర్తి యగును’ అని కొందరు. ‘పరాయి దగును’ అని ఇంకొందరు. రెండూ సాధువే.

పూర్వపక్షం: చకచకా చదివి అర్థం చేసుకునేవాళ్లు లేరా? ఉన్నారు. ఏళ్ల తరబడి బాయిలర్ల మధ్య తిరిగిన ఇంజనీరు ఇదే అధ్యాయాన్ని టీ చల్లారేలోగా దాటేస్తాడు. ఎంట్రోపీ, ఎంథాల్పీ అతనికి పాత చుట్టాలు. ఎక్కడా ఆగి పలకరించనక్కర్లేదు. ఆ వేగం కంటిది కాదు, ముందే తెలిసినదానిది. చదువరుల కంటి కదలికలను పరిశోధించిన కీత్ రేనర్, అతని సహచరులు 2016లో వెలువరించిన సమీక్ష కూడా కంటి కసరత్తును పక్కన పెట్టి, భాష మీద పట్టు పెంచుకోమంది; వేగం పెంచితే అవగాహన తగ్గక తప్పదనీ తేల్చింది.

తాత్పర్యం: పద్యం బొత్తిగా త్యాజ్యం కాదు. ఏ అధ్యాయంలో ఏముందో, స్టీమ్ టేబుల్ ఎక్కడుందో వెతుక్కోవడానికి వేలూ, పేజీ తిప్పడమూ భేషైన సాధనాలు. దొరికాక మాత్రం వేలు తీసి పెన్ను పట్టాలి. పుస్తకం మూసి డెరివేషన్ రాసి చూసుకోవాలి.

పాఠాంతరం: నాలుగో పాదం ‘గంటలోన నొక్క పేజి యగును’ అని లైబ్రరీ ప్రతుల మార్జిన్లలో పెన్సిలుతో దిద్ది ఉంటుంది. యతి చెడింది. సప్లిమెంటరీ రాసినవాళ్లు ఈ పాఠాన్నే గ్రాహ్యమంటారు.